లాడ్జిలో అపాయపు గంట మోగినప్పుడు

మగ్గము, నూలు, జరీ, ధరలు, సొసైటీల సంగతులు వ్రాసుకొను ఈ పుటలలో లాడ్జి గదుల ప్రసంగమేమిటని కొందరు పాఠకులు అనుకొనవచ్చును. మన వృత్తిలో సగము మగ్గము మీద జరిగితే తక్కిన సగము ప్రయాణములలో జరుగుచున్నది. ధర్మవరము, హిందూపురము, మదనపల్లె, ప్రొద్దుటూరు ప్రాంతముల నుండి ముడిపట్టుకు, జరీకి, చీరల అమ్మకమునకు, రావలసిన బాకీల వసూలుకు బెంగుళూరు వెళ్లి రాని నేత కుటుంబము అరుదు. హిందూపురము వారు ప్రొద్దున రైలెక్కి రాత్రికి ఇల్లు చేరుకొందురు. తక్కినవారికి అది కుదరదు. సావుకారు "రేపు రండి" అన్నాడంటే ఆ రాత్రి చిక్కపేట సందులలోనో, మెజెస్టిక్ దగ్గరనో గది తీసుకొనక తప్పదు. శ్రావణమునకు ముందు, దసరాకు ముందు, పెళ్లి ముహూర్తములు దగ్గర పడిన నెలలలో ఈ రాకపోకలు మరీ ఎక్కువ. తండ్రీ కొడుకులు వచ్చుట, ఒక్కొక్కసారి ఇల్లాలు కూడ వెంట వచ్చుట మనకు తెలిసినదే.

ఆ గదిలో రాత్రి రెండు గంటలకు ఉన్నట్లుండి అలారం మోగినదనుకొందము. వీధిలో కారు కూత కాదు, గుడిగంట కాదు. చెవులు చిల్లులు పడునట్లు ఆగకుండ కూయు గంట. అప్పుడు మన వారు ఏమి చేయుదురు? మంచము మీద లేచి కూర్చుండి, "ఎవరో మీట నొక్కి ఉంటారు, వాళ్లే ఆపుతారులే" అని కాసేపు చూతురు. పిదప తలుపు తీసి వసారాలోనికి తొంగి చూతురు. పక్క గదివారును అట్లే తొంగి చూచుచుందురు. ఎవ్వరును కదలలేదు గనుక ఏమియు లేదని అందరును నిశ్చయించుకొందురు. ఇది పల్లెటూరివారి అమాయకత్వమని ఎవరును అనుకొనరాదు. పెద్ద చదువులు చదివినవారు, దేశములు తిరిగినవారు సైతము ఇట్లే చేయుదురని ఈ సంగతులు పరిశీలించినవారు చెప్పుచున్నారు. ఇట్లు తొంగి చూచుటలో పోవు నాలుగు నిమిషములను గురించియే మేము ఇక్కడ వ్రాయుచున్నాము.

బెంగుళూరు పేట 1537 లో కెంపేగౌడ కట్టించిన ఊరు. వృత్తికొక వీధి, సరకుకొక సందు. అరళేపేటలో ప్రత్తి, అక్కిపేటలో బియ్యము, కబ్బన్‌పేటలో నేతవారు, చిక్కపేటలో పట్టుచీరల అంగళ్లు. నాటి సందుల వెడల్పు పెద్దగా మారలేదు. ఇండ్లు మాత్రము నాలుగైదంతస్తులు లేచినవి. క్రింద అంగడి, దాని వెనుక గోదాము, పైన గదులు, ఆపైన కాపురములు. మెట్లదారి చాలచోట్ల ఒక్కటే, దాని మలుపులలో అట్టపెట్టెలు, పాత కుర్చీలు, గ్యాసు సిలిండర్లు. మన వారు దిగు గదులు ఎక్కువగా ఇటువంటి కట్టడములలోనే ఉండును. అద్దె తక్కువ, అంగడికి దగ్గర, మూట మోయు కూలి కలిసివచ్చును. తప్పు పట్టవలసినదేమియు లేదు. కాని ఆ చౌకలో ఏమేమి లేవో తెలిసి ఉండవలెను.

ఈ పేట చుట్టుపట్లనే జరిగిన రెండు సంగతులు చాలును. 2018 జనవరి 8 న తెల్లవారకముందే కలాసిపాళ్యములో కుంబార సంఘ కట్టడములోని ఒక బార్ అండ్ రెస్టారెంటులో నిప్పంటుకొని, లోపల పడుకొని ఉన్న 5 గురు పనివారు చనిపోయినారు. 2025 ఆగస్టు 16 న, అదియును తెల్లవారుజాముననే, చిక్కపేటకు ఆనుకొని ఉన్న నగరత్‌పేటలో ఒక కట్టడము కాలి 5 గురు చనిపోయినారు. క్రింద ప్లాస్టిక్ చాపల సరకు, పైన కాపురము. ఈ రెండు చోట్లకును మన వారు నిత్యము నడిచి పోవు దారులున్నవి.

అంతకు ముందు 2010 ఫిబ్రవరి 23 న, పాత విమానాశ్రయపు రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్ అను ఏడంతస్తుల ఆఫీసు కట్టడములో 9 మంది చనిపోయినారు. అది పట్టపగలు. అక్కడ మేడలన్నియు తగులబడినవి కావు. కరెంటు తీగెలు పోవు సొరంగములో పుట్టిన పొగ అంతస్తుకంతస్తు ఎక్కినది. మెట్లదారి పొగతో నిండినది. తప్పించుకొను తలుపులకు తాళములు పడి ఉన్నవని పత్రికలు వ్రాసినవి. ఊపిరాడక కిటికీలు పగులగొట్టి దూకినవారు కూడ చనిపోయినవారిలో ఉన్నారు. ఆ దుర్ఘటనలో ఆప్తులను పోగొట్టుకొన్నవారు తరువాత "బియాండ్ కార్ల్‌టన్" అను సంస్థ పెట్టి, నగరములో అగ్నిభద్రత కొరకు నేటికిని పని చేయుచున్నారు.

మన తెలుగుదేశములోని రెండును చెప్పవలెను. 2020 ఆగస్టు 9 న విజయవాడలో, కరోనా రోగులను ఉంచిన ఒక హోటలులో తెల్లవారుజామున నిప్పంటుకొని 10 మంది చనిపోయినారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో, పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర, క్రింద బ్యాటరీ స్కూటర్ల దుకాణము, పైన లాడ్జి ఉన్న కట్టడములో 8 మంది చనిపోయినారు. ఆ లాడ్జిలో దిగినవారు వ్యాపారపు పనులకో, శిక్షణకో ఊరికి వచ్చినవారు, అంటే మనవంటివారే. నిప్పు పుట్టినది క్రింద. ప్రాణములు పోయినది పైన. పొగ మెట్లదారినే పొగగొట్టము చేసుకొని పైకెక్కినది. 2025 ఏప్రిల్ 29 న కలకత్తా బడాబజారు ప్రాంతములోని ఒక హోటలులో 14 మంది చనిపోయినదియు ఇట్టిదే. అత్యధికులకు ఒంటి మీద కాలిన గాయములు లేవు, ఊపిరాడక పోయినారు.

కాబట్టి మనము భయపడవలసినది మంటకు కాదు, పొగకు. ఈ మాట నేతపనివారికి నమ్మకము కలుగునట్లు చెప్పుట సులభము. పట్టు అసలుదో కాదో తేల్చుకొనుటకు మనము దారపు కొసను అంటించి చూతుము గదా. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, మంట తీయగానే ఆరి, నలిపితే బూడిద అగును. ప్రత్తి నూలు కాగితము వలె చుర్రుమని మండును. నైలాను, పాలిస్టరు దారమైతే కరిగి బొట్టుగా ముద్ద కట్టి నల్లని పొగ విడుచును. ఒక్క పోగు విడుచు ఆ పొగ ముక్కున పడితేనే తల తిప్పుకొందుము. నేటి లాడ్జి గదిలో పరుపు ఫోము, దిండు ఫోము, తెరలు పాలిస్టరు, నేలమీది పరుపుగుడ్డ నైలాను, బల్ల మీది పొర ప్లాస్టిక్కు. ఇవి కాలునప్పుడు పుట్టు పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషిని మత్తులో ముంచి చంపును. ఫోము కాలితే దానితో పాటు సైనైడు విషము కూడ పుట్టును. నిద్రపోవువానికి ముక్కు పని చేయదు. "కమురు వాసన వస్తే మెలకువ రాదా?" అని మన వారు ధీమాగా అనుచుందురు. రాదు. నిద్రలో మనిషిని లేపునది చెవి మాత్రమే. గంట పెట్టినది అందుకే.

ఇక ఆ గంట ఎట్లు పని చేయునో కొంచెము చెప్పుదుము. గది కప్పున అరచేతి వెడల్పు తెల్లని గుండ్రని బిళ్ల ఒకటి ఉండును. దానిలో చిన్న చీకటి గూడు, ఆ గూటిలో ఒక దీపపు కిరణము, ఆ కిరణము నేరుగా పడని చోట ఒక కన్ను. మామూలు గాలిలో కిరణము తన దారిని పోవును, కంటికి ఏమియు కనపడదు. పొగ దూరినప్పుడు కిరణము పొగ కణములకు తగిలి చెదరి కంట పడును; తోడనే గంట మోగును. మన మగ్గపు సాలలో పెంకుల సందు నుండి ఎండ గీత పడినప్పుడు నూలు ధూళి ఆ గీతలో మెరయుట చూడని నేతగాడు లేడు. ధూళి లేకపోతే గీతయే కనపడదు. ఆ బిళ్లలోని కిటుకు సరిగ్గా ఇదే. వంటగదులలో పొగ సహజము గనుక అక్కడ వేరు రకము పెట్టుదురు. అది వేడికి మోగును. వసారాలో గోడకు ఎర్రని పెట్టె ఒకటి ఉండును. నిప్పు చూచినవాడు దాని అద్దము నొక్కి గంట మ్రోగించవచ్చును. అన్నిటి తీగెలును క్రింద మేనేజరు బల్ల దగ్గర నున్న పెట్టెకు చేరును. ఏ అంతస్తులో మోగినదో అక్కడ దీపము వెలుగును.

మరమగ్గములు నడుపువారికి మరియొక పోలిక. పడుగులో ఒక్క పోగు తెగితే సన్నని ఇనుప బిళ్ల జారి పడి మగ్గమంతయు ఆగిపోవును. ఒక్కొక్కప్పుడు పోగు తెగకుండనే, వదులై, బిళ్ల జారును. పనివాడు లేచి చూచి, సరిచేసి, మళ్లీ నడుపును. "ఊరకే ఆగుచున్నది" అని ఆ బిళ్లలు తీసివేసిన మగ్గము మీద గుడ్డ ఎట్లుండునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అలారం కూడ ఊరకే మోగుట కద్దు. స్నానపుగది తలుపు తెరిచినప్పుడు వేడినీటి ఆవిరి, సిగరెట్టు పొగ, దోమలచుట్ట, బిళ్లలో చేరిన దుమ్ము, ఇవి చాలును. మన వారు తెల్లవారి లేచి స్నానము చేసి, అగరువత్తి వెలిగించి దండము పెట్టుకొని గాని బేరమునకు బయలుదేరరు. భక్తికి మేము అడ్డు చెప్పము. కాని లాడ్జి గదిలో కప్పు బిళ్లక్రింద అగరువత్తి గ్రుచ్చితే గంట మోగునని తెలియవలెను. కిటికీ దగ్గర వెలిగించుకొనవచ్చును, లేదా అంగడి పక్క గుడికి పోయి దండము పెట్టుకొనవచ్చును. గదిలో కరెంటు కుంపటి పెట్టి అన్నము వండుకొనుట మాత్రము మానవలెను. హోటలు భోజనము పడదనియు ఖర్చనియు దీనిని చేయువారు మనలో ఉన్నారు. పాత లాడ్జి తీగెలకు ఆ భారము మోయు శక్తి లేదు. ఇంకొకటి: గంట మోగి గోల చేయునని కప్పు బిళ్లకు ప్లాస్టిక్ సంచి కట్టిన గదులు కొన్ని ఊళ్లలో కనపడుచుండును. అటువంటి గది ఇచ్చిన, సంచి తీయించవలెను. తీయమన్నందుకు నొచ్చుకొను మేనేజరైతే పక్క లాడ్జి చూచుకొనుట మేలు.

పది సార్లు మోగి తొమ్మిది సార్లు ఉత్తదే కావచ్చును. అయినను పదింటికిని లేచి క్రిందికి దిగవలసినదే. ఉత్తదో నిజమో గదిలో కూర్చుండి ఎవ్వరును చెప్పలేరు. వీధిలో నిలబడి చెప్పవచ్చును.

గంట మోగగానే చేయవలసినది ఇది. వెంట ఉన్నవారిని లేపవలెను. పసిపిల్లలు పెద్ద గంటకు కూడ లేవరు, ఎత్తుకొనవలసినదే. చెవి మందగించిన పెద్దలను తట్టి లేపవలెను. గది తాళముచెవి, ఫోను, చెప్పులు, మంచము ప్రక్కననే ఉంటే కంటి అద్దములు. అంతే. తలుపు తీయుటకు ముందు అరచేతి వెనుక భాగముతో తలుపును తాకి చూడవలెను. చల్లగా ఉన్నచో మెల్లగా తీసి, వసారా చూచి, బయటపడి, తలుపు మూసి పోవలెను. తలుపు మూయుట దొంగల భయమునకు కాదు. మూసిన తలుపు పొగను కొంతసేపు ఆపును, తరువాత వచ్చువారికి ఆ కాసేపు దక్కును. తాళముచెవి ఎందుకంటే, మెట్ల దగ్గర పొగ ఉన్నచో మళ్లీ గదికే రావలసి ఉండును. ఇప్పటి గదులకు చెవికి బదులు అట్ట కార్డు ఇచ్చుచున్నారు. దానిని గోడలోని గూటినుండి లాగగానే దీపములారును. లాగుకొని పోవలసినదే, ఫోను దీపము వాడుకొనవలెను.

లిఫ్టు ఎక్కరాదు. కరెంటు పోతే అది నడుమ నిలిచిపోవును, లేదా పొగ ఉన్న అంతస్తునకే తీసుకొని పోయి తలుపు తెరచును. మెట్లే దారి. వసారాలో పొగ ఉన్నచో వంగి, ఇంకా దట్టమైతే చేతులు మోకాళ్ల మీద ప్రాకి పోవలెను. పొగ పైకి తేలును, నేలకు దగ్గర గాలి ఉండును. గుంట మగ్గములో కాళ్లు దించుకొని జీవితము గడిపిన మనకు నేలబారు కొత్త కాదు.

మన లిపికి కన్నడ లిపి చెల్లెలు వంటిది. గోడ మీద ఆకుపచ్చ పలకపై పరుగెత్తు మనిషి బొమ్మ ప్రక్కన "తుర్తు నిర్గమన" అని వ్రాసి ఉండును. ఆపద్దారి అని దాని అర్థము. కన్నడిగులు నిప్పును "బెంకి" అందురు, పొగను "హొగె" అందురు. రాత్రివేళ వసారాలో ఎవరైనను "బెంకి, బెంకి" అని అరచిన, అది కొట్లాట కాదని తెలిసికొని లేవవలెను. ఫైరింజను కొరకు 101, అన్ని ఆపదలకు 112. లాడ్జి పేరు, వీధి పేరు చెప్పగలిగి ఉండవలెను. గది తీసుకొన్నప్పుడు ఇచ్చిన రసీదులో ఆ వివరములుండును. దానిని ఫోను క్రిందనే పెట్టుకొని పడుకొనవచ్చును.

దిగుటకు దారి లేనప్పుడు సంగతి వేరు. తలుపు వేడెక్కి ఉన్నను, మెట్లు పొగతో నిండి ఉన్నను, గదిలోనే ఉండుట మేలు. తువాళ్లు, దుప్పట్లు తడిపి తలుపు క్రింది సందులో కుక్కవలెను. చల్లగాలి యంత్రము ఆపవలెను. స్నానపుగది గాలి కిటికీ నుండి పొగ వచ్చుచున్న దానిని కూడ తడిగుడ్డతో మూయవలెను. వీధివైపు కిటికీ కొద్దిగా తీసి తెల్లని దుప్పటి ఊపవలెను; బయటినుండి పొగ వచ్చిన వెంటనే మూయవలెను. 112 కు ఫోను చేసి ఎన్నవ అంతస్తు, ఏ గది, ఎంతమంది అని చెప్పవలెను. నాలుగవ అంతస్తు నుండి దూకుట మరణమునకు దగ్గర దారి. కార్ల్‌టన్ సంగతి పైన చెప్పియే ఉన్నాము.

1980 నవంబరు 21 న అమెరికాలో లాస్ వేగాస్ నగరపు ఎం.జి.ఎం. గ్రాండ్ అను మహా హోటలులో నిప్పు క్రింది అంతస్తులోని ఫలహారశాల దగ్గర పుట్టినది. చనిపోయిన 85 మందిలో ఎక్కువమంది ఆ మంటకు ఎన్నో అంతస్తుల పైన, గదులలో, వసారాలలో, మెట్లమీద పొగ సోకినవారు. ఆ పై అంతస్తులకు అపాయపు గంట మోగనే లేదు. అంతకు ముందు 1946 డిసెంబరు 7 న అట్లాంటాలో వైన్‌కాఫ్ అను 15 అంతస్తుల హోటలు కాలినప్పుడు 119 మంది పోయినారు. నిప్పు అంటని కట్టడమని దానికి ప్రకటనలుండెడివి. గంట లేదు, మెట్లదారి ఒక్కటే. ఇట్టివి జరిగిన పిదపనే ఆ దేశమున చట్టములు బిగిసినవి. మన దేశములోను 2016 నాటి జాతీయ కట్టడముల నియమావళిలో అలారముల సంగతి, మెట్ల వెడల్పు సంగతి వివరముగా వ్రాసి ఉన్నది. కర్ణాటకకు 1964 నుండి అగ్నిమాపక చట్టమున్నది. 2022 లో అక్కడి అగ్నిమాపక శాఖకు 90 మీటర్లు లేచు నిచ్చెన బండి కూడ వచ్చినది. కాని అంత బండి చిక్కపేట సందు మలుపు తిరుగునా? మామూలు ఫైరింజను సందు మొదట ఆగి గొట్టములు లాగుకొని రావలసిన చోట్లు అక్కడ ఎన్నియో. కాబట్టి పేటలో గది తీసుకొనువారు పై అంతస్తు చల్లగా ఉండునని ఆశపడక, ఒకటవ, రెండవ అంతస్తులలో గది అడుగుట మంచిదని మా అభిప్రాయము.

గది చూచునప్పుడే మెట్లు చూడవలెను. మన వారు గది చూచునప్పుడు నీళ్లు వచ్చుచున్నవా, నల్లులున్నవా అని చూతురు, అవి చూడవలసినవే. దానితో పాటు నాలుగడుగులు వసారాలో వేసి, తలుపు నుండి మెట్లవరకు ఎన్ని తలుపులున్నవో లెక్కపెట్టుకొనవలెను. పొగలో కన్ను కనపడదు, వేళ్లతో గోడ తడుముచు తలుపులు లెక్కపెట్టుకొని పోవలెను. పడుగు పోగులు వేలు లెక్కపెట్టు వారికి అయిదారు తలుపులు ఒక లెక్కా? రెండవ మెట్లదారి ఉన్నదా, దాని తలుపు తాళము లేక తెరచుకొనునా అని తోసి చూడవలెను. రాత్రి క్రింది ఇనుప తెర దించి తాళము వేయు లాడ్జీలు పేటలో ఉన్నవి. తాళముచెవి ఎవరి దగ్గర ఉండును, అతడు ఎక్కడ పడుకొనునని అడుగుటకు మొగమాటపడరాదు. క్రింద ఏ సరకు ఉన్నదో కూడ ఒక చూపు చూడవలెను: రంగు డబ్బాలు, ఫోము పరుపులు, బ్యాటరీ బండ్లు ఉన్న కట్టడము మీద పడుకొనుటకంటె పది రూపాయలు ఎక్కువిచ్చి పక్క వీధికి పోవుట మంచిది.

అలారములే లేని పాత లాడ్జిలో గది దొరికినవారు ఏమి చేయవలెను? పొగను పసిగట్టు చిన్న బిళ్ల, బ్యాటరీతో నడచునది, నేడు బజారులో దొరకును. నెలకు రెండుసార్లు పోవు వ్యాపారి ఒకటి కొని సంచిలో వేసుకొనుట దుబారా కాదు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు మగ్గపు సాలకు ఆనుకొని ఉన్న పడకగదిలో దానిని వాడవచ్చును.

ఇక మూట సంగతి. పైన తీసుకొని పోవలసిన వస్తువులలో మూటను మేము చెప్పలేదు. చెప్పలేదని చదువరులు గమనించియే ఉందురు. మా వ్యాసములోని కష్టమంతయు ఇక్కడనే ఉన్నది. గదిలో మంచము క్రింద ఇరువది చీరలున్నవి. ఒక్కొక్క చీరకు ఇంటిల్లిపాది వారముల తరబడి పని చేసినారు. ఆసు పోసినది భార్య, కండెలు చుట్టినది ముసలి తల్లి. అందులో కొన్ని తనవి కావు, మాస్టరు వీవరువి. కొన్నిటి పట్టుకు అప్పు ఇంకను తీరలేదు. అటువంటివానితో "మూట విడిచి పరుగెత్తుము" అని వ్రాయుట కలము పట్టినవారికి తేలిక. వాడు మూట భుజాన వేసుకొనియే బయలుదేరును. రెండు నిమిషములు మూట కట్టుటలో పోవును. మెట్ల మలుపున మూట అడ్డుపడి వెనుకవారు ఆగుదురు. చేతులు మూటకు పోవుటచే గోడ తడుముటకు, పిల్లవాని చెయ్యి పట్టుటకు చెయ్యి మిగలదు. పొగలో వంగి ప్రాకువానికి మూట సాధ్యమే కాదు.

కాబట్టి మూట భయము గంట మోగకముందే తీరవలెను. దీనికి మార్గములు లేకపోలేదు. తెలిసిన అంగడివాని దగ్గర రసీదు తీసుకొని రాత్రికి మూట అక్కడనే పెట్టుట పాతకాలపు పద్ధతి. ఇప్పటికిని మంచి పద్ధతి. ఊరు విడుచుటకు ముందు చీరలన్నిటి ఫొటోలు ఫోనులో తీసి, అంచు, బుటా, రంగు, ధరలతో జాబితా ఇంటికి పంపవలెను. సరకు రవాణాకు బీమా ఇచ్చు కంపెనీలున్నవి. ఒక్కొక్కరు పోయి అడుగుటకంటె సొసైటీ తరఫున అడిగితే ధర తగ్గును. అయితే రాత్రి లాడ్జిలో ఉన్న సరకు కూడ ఆ బీమాలోనికి వచ్చునా అని అడిగి, వ్రాతమూలముగా తీసుకొనవలెను. ప్రయాణములో ఉన్నంతవరకే బీమా అని తరువాత అనువారుందురు.

అన్నిటికంటె ముఖ్యమైనది పెద్దల మాట. సరకు ఇచ్చి పంపు మాస్టరు వీవర్లు, సొసైటీ అధ్యక్షులు ఒక నిర్ణయము చేయవలెనని మేము కోరుచున్నాము. లాడ్జిలో అగ్నిప్రమాదమున మూట విడిచి ప్రాణము దక్కించుకొని వచ్చినవాని కూలిలో నుండి ఆ సరకు విలువ కోయరాదు. ఈ మాట మీటింగులో వ్రాసి, సరకు ఇచ్చునప్పుడు మోసికొని పోవువానికి చదివి వినిపించవలెను. అప్పుడే వాడు గంట మోగగానే చేతులూపుకొని దిగును. ఆ నిర్ణయము లేనంతకాలము మనము ఎన్ని వ్యాసములు వ్రాసినను వాడు మంచము క్రిందనే వంగును. సావుకార్లకు ఇది భారమగునని కొందరనవచ్చును. బీమా చేయించుకొనిన భారము తగ్గును. చేయించవలసినవారును సరకు యజమానులే.

ప్రదర్శనలకు బృందములుగా పోవువారికి ఒక మాట. బెంగుళూరులో చేనేత ప్రదర్శనలు జరుగునప్పుడు మన వారు ఇరువది ముప్పది మంది ఒక్క హాలులో చాపలు పరచుకొని పడుకొందురు. సరకు కావలికని కొందరు అంగడిలోనే, గుడ్డల డేరాల నడుమ పడుకొందురు. డేరాల మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము: 1981 ఫిబ్రవరి 7 న ఇదే బెంగుళూరులో వీనస్ సర్కస్ డేరా అంటుకొని 92 మంది చనిపోయినారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. గుడ్డ డేరాలో, చీరల నడుమ మనిషి పడుకొనరాదు. కావలికి నిర్వాహకులే మనుషులను పెట్టవలెనని ముందుగా అడగవలెను. హాలులో పడుకొనువారికి రెండు తలుపులున్నవా, రెండును లోపలినుండి తెరచుకొనునా అని బృందనాయకుడు మొదటి రోజు సాయంత్రమే చూడవలెను. పేర్ల పట్టీ ఒకటి వ్రాసి జేబులో ఉంచుకొని, గంట మోగి అందరును దిగిన పిదప కూడవలసిన చోటు, గేటు దగ్గర చెట్టో, ఎదుటి అంగడి అరుగో, ముందే చెప్పి, అక్కడ నిలబడి పట్టీ ప్రకారము పేరుపేరునా పిలువవలెను. పలుకనివాడు ఉన్నచో తాను లోపలికి పరుగెత్తక, ఎన్నవ అంతస్తు, ఏ మూల పడుకొన్నాడో ఫైరింజను వారికి చెప్పవలెను.